కింది వార్డుకు నర్సు

మేనేజరు స్వయంగా వచ్చి, కింది కాన్పుల వార్డులో ఉన్న ఒక్కగానొక్క నర్సునీ, బిడ్డ గుండె చప్పుడు వినే యంత్రాన్నీ పై అంతస్తుకు తీసుకుపోయాడు. డబ్బు కట్టిన గదిలో ఎవరో పెద్దింటి అమ్మాయికి నొప్పులట. కింద మంచాల మీద ఉన్నవాళ్ళంతా తొలిచూలు వాళ్ళే. తొలి కాన్పు ఎటూ ఆలస్యమవుతుంది, తొందరేమీ లేదని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పెద్దకోడలు అదంతా చూస్తూనే ఉంది. కిటికీ పక్క మంచం మీద ఉన్నది ఆమె తోడికోడలే. తన కడుపు పండనే లేదు, నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన పిల్ల నెల తప్పింది. అప్పటినుంచీ పెద్దకోడలికి కళ్ళల్లో కారం కొట్టినట్టే ఉంది. ఆ కడుపు కంటపడకుండా వీపు తిప్పి కూర్చుని అన్నం తినేది. నాకెందుకివ్వలేదు స్వామీ అని అడగడం మానేసి, దానికెందుకిచ్చావని అడిగేది.

దుప్పట్లు మోసుకుని పైకి వెళ్ళేసరికి, నర్సు ఆ అమ్మాయి కడుపు మీద చెయ్యి వేసి, ఒక్కో నొప్పి ఎంతసేపుంటోందో గడియారం చూస్తోంది. నొప్పి తగ్గగానే యంత్రం ఆనించి వింటోంది. పక్కన ఇంకో నర్సు నడుము రాస్తోంది. పెద్దకోడలికి ఒళ్ళు భగ్గుమంది. దేవుడు పైవాళ్ళకో రకం, కిందివాళ్ళకో రకం గుండె పెడతాడా?

కిందికొచ్చి చూస్తే, చిన్నకోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"నొప్పులెక్కువయ్యాయా?"

"లేదక్కా."

"నా దగ్గర దాస్తావేంటే?"

"నొప్పన్నా, కదిలిందన్నా నీ మొహం మాడిపోతుంది గదా. నర్సమ్మ అడిగినప్పుడూ నువ్వు ఇక్కడే ఉన్నావని చెప్పలేదు." కడుపు మీద చెయ్యి వేసుకుని, "పొద్దున్నుంచీ సరిగా కదలట్లేదక్కా" అంది.

పెద్దకోడలు లాండ్రీలోకి పరుగెత్తి, పని ఆపి నర్సు కోసం అడుగుదాం రమ్మంది. పని పోతుందని ఒకరు భయపడ్డారు. వార్డు వాళ్ళ గొడవ మనకెందుకని మరొకరు వాదించారు. దాని పేరెత్తితేనే నీకు పడదు, ఇదేం కొత్త ప్రేమని వాళ్ళల్లో ఒక ముసలామె ఎద్దేవా చేసింది.

"ప్రేమా లేదు, గీమా లేదు. దానికి బిడ్డ పుడితే బతికినంతకాలం చూసి ఏడుస్తా. ఏడవడానికైనా ఆ బిడ్డ బతకాలి గదే."

ముసలామే ముందుగా నీళ్ళు కట్టేసింది. ఆడవాళ్ళంతా వెళ్ళి మెట్ల మీద బైఠాయించారు. బయట కాచుకున్న తల్లులు, మొగుళ్ళు వచ్చి కలిశారు. పైవాళ్ళను చూసి ఓర్వలేని కుళ్ళు ఇదని మేనేజరు మండిపడ్డాడు.

"కుళ్ళే సారూ," అంది పెద్దకోడలు. " వాళ్ళ నర్సును లాక్కోమనట్లేదు. మాకూ ఒకరిని పెట్టండి."

మాకూ పెట్టండని మెట్లన్నీ ఒక్క గొంతుతో అడిగాయి. పైనుంచి నర్సు ఇదంతా వింది. తోటి నర్సుకు గది అప్పగించి, యంత్రం పట్టుకుని దిగొచ్చింది. మేనేజరు ఉద్యోగం ఊడుతుందన్నాడు. ఆమె ఆగలేదు. ఆడవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు.

చిన్నకోడలి కడుపు మీద యంత్రం ఆనించి వింటే, బిడ్డ గుండె బాగా నెమ్మదించింది. డాక్టరును పిలిపించారు, వెంటనే కడుపు కోసి తీశారు. ఆపరేషన్ గది తలుపు తెరిచేలోపే మేనేజరు పిలిపించిన పోలీసులు వచ్చి పెద్దకోడలిని బండెక్కించారు. ఆడపిల్ల పుట్టిందనీ, గట్టిగా ఏడుస్తోందనీ ముసలామె బండి వెంట నడుస్తూ చెప్పింది. పెద్దకోడలు మొహం తిప్పుకుంది. "దానికన్నీ దక్కుతాయి" అని గొణిగి, కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రమైనా లాండ్రీలో ఒక్క దుప్పటీ తడవలేదు. పై గదుల మంచాలు దుప్పట్లు లేక బోసిగా ఉన్నాయి. చివరికి మేనేజరే మాట్లాడదామని కిందికొచ్చాడు. ముందు మా మనిషిని తీసుకురా, కింది వార్డుకు నర్సు సంగతి ఆమె ఎదుటే మాట్లాడదామన్నారు ఆడవాళ్ళు. మెట్ల మీంచి ఒక్కరూ లేవలేదు.