చూపు ఎవరి మీద పడితే వాళ్లదే బొమ్మ

నేను ఒక బొమ్మను. గుడ్డ మీద గీసిన బొమ్మను. చేర్యాల వైపు, నకాషి బొమ్మల పని చేసుకునే ఒక ఇంటి అరుగు మీద పుట్టాను. నా వెనకంతా ఎరుపు. నెత్తిన బోనం కుండ, ముక్కున పుడక, చేతుల నిండా గాజులు. కళ్ళు మాత్రం చాలాకాలం లేవు. కాబట్టి నేను చెప్పబోయే దానిలో ఎక్కువ భాగం చూసింది కాదు, విన్నది. అందుకని చులకన చేయకండి. మనుషులు ఎదురుగా ఉన్నదాన్ని చూడరు, చూడాలనుకున్నదాన్నే చూస్తారు. వినేవాళ్ళకు ఆ సౌకర్యం లేదు.

నా ఒళ్ళు ఖద్దరు గుడ్డ. చింతగింజల అంబలిలో సుద్దమట్టీ జిగురూ కలిపి, పూసి ఎండబెట్టి, మళ్ళీ పూసి మళ్ళీ ఎండబెట్టి నన్ను గట్టిపరిచింది స్వరూప, ఆ ఇంటి కోడలు. గీత గీసింది వీరేశం, ఆమె మామ. ఆయన గీసి పక్కకు జరిగితే ఆమె వచ్చి రంగు నింపేది. కొంతకాలంగా ఆయన చెయ్యి వణుకుతోంది. గీత వంకర పోకుండా ఊపిరి బిగబట్టి గీసేవాడు. గీత పూర్తయ్యాక వదిలిన ఊపిరి నా చెంపకు వెచ్చగా తగిలేది. నా బోనం మీది వేపమండలు గీసి పక్కకు జరిగాక ఆయన అన్నాడు: "ఇదే ఆఖరుది బిడ్డా. ఇగ నాతోని కాదు."

నా గాజులకు పచ్చరంగు పెడుతున్న స్వరూప కుంచె కాసేపు ఆగిపోయింది.

ఆ ఇంటికి ఒక ఆచారముంది. బొమ్మకు అన్నీ దిద్దుతారు, కళ్ళు ఒక్కటి ఆపుతారు. కొనేవాళ్ళు కొబ్బరికాయ పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాకే కళ్ళు తెరుస్తారు. ఎందుకంటే చూపు ఎవరి మీద పడితే వాళ్లదే బొమ్మ. ఒకసారి కుంచె నలుపులో ముంచితే రెండు కళ్ళూ తెరిచేదాకా కింద పెట్టకూడదు. ఒంటికన్ను బొమ్మ ఇంటికి అరిష్టమట. ఇంకో మాట కూడా ఉంది: కళ్ళు మగవాళ్ళే తెరవాలి. సుద్ద పూయడానికీ, రంగులు నూరడానికీ, అంచులు దిద్దడానికీ ఆడవాళ్ళు పనికొస్తారు. ఈ నియమం ఎవరు పెట్టారని అడిగితే పెద్దలు అంటారు. ఆ పెద్దల్లో ఆడవాళ్ళెందరు అని మాత్రం అడగకండి.

వెనకటికి ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్ళు బొమ్మల పటాలు కావాలని ఇంటికే వచ్చేవారట. ఇప్పుడు ఆ అరుగెక్కేది కోళ్ళే. కొడుకు సంపత్ ఈ పని ఎప్పుడో వదిలేసి పాలవ్యాను నడుపుతున్నాడు. చెడ్డవాడు కాదు, విసిగిపోయినవాడు. ఒకరోజు నా ముందే పెళ్ళానికి చెప్పాడు. "సిద్దిపేటల బట్టల షాపోళ్ళకు మనిషి కావాల్నట. మాట్లాడిన. పండుగ దాటినంక నువ్వు చేరాలె."

"మరి బొమ్మలు?"

"బొమ్మలు ఎవలు కొంటున్నరే? గోడలు కొంటున్నయా?"

"ఒక్క మోకా ఇయ్యిండ్రి. వెబ్‌సైటు పెడ్త. దాంట్ల చూసి కొంటరు."

సంపత్ నవ్వాడు. ఆ తరువాత ఏమనుకున్నాడో, మెత్తబడ్డాడు. "సరే. సద్దుల బతుకమ్మ లోపల ఒక్కటి అమ్ము. ఒక్కటంటే ఒక్కటి. అమ్మితే నేను మల్ల నోరెత్తను. లేకుంటే షాపుకు పోవుడే."

అట్లా నా మీద పడింది భారం. ఇంట్లో అమ్మకానికి మిగిలింది నేనూ, నాకన్నా చిన్నవి, రంగు వెలిసినవి కొన్నీ. పెద్దదాన్ని నేనే, ఆఖరుదాన్నీ నేనే.

స్వరూప డిగ్రీ మధ్యలో పెళ్ళి చేసుకుని వచ్చింది. ఫోనులోనే వెబ్‌సైటు కట్టడం మొదలుపెట్టింది. వంట దించి ఒకసారి, బట్టలు ఆరేసి ఒకసారి, ఏదో నొక్కుతూ గొణుక్కునేది. మొదట పేరు కావాలి. ఆ పేరు కొనుక్కోవడం కాదట, ఏడాదికి బాడుగకు తీసుకోవడమట. మనుషులు చివరికి పేర్లు కూడా బాడుగకు తెచ్చుకుంటున్నారని అప్పుడు తెలిసింది. తరువాత దానికొక నమూనా కావాలి. ఊరికే దొరికే నమూనాల్లో ఆమెకు నచ్చింది ఏదో దేశపు కేకుల దుకాణానిది. దాంట్లో కేకులు తీసేసి మమ్మల్ని పెట్టింది. అయితే మూలన ఒక కేకు మిగిలిపోయింది. వారం తిరక్కముందే వరంగల్ నుంచి ఎవరో ఫోను చేసి, గుడ్డు లేని కేకు ఉందా, పుట్టినరోజుకు పంపుతారా అని అడిగారు. వెబ్‌సైటు చూసి వచ్చిన మొదటి బేరం అదే. స్వరూప ఆరోజు నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు వినడం నాకు అదే మొదలు.

వెబ్‌సైటులో పెట్టడానికి అంతకుముందు నన్ను అరుగు మీద గోడకు ఆనించి ఫొటోలు తీసింది. ఎండ ఎక్కువైతే జరిపింది, నీడ పడితే మళ్ళీ జరిపింది. వీరేశం గడపలో కూర్చుని గొణిగాడు: "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టున్నది." అయినా నా అంచు నలిగితే తానే లేచి వచ్చి సరిచేసి వెళ్ళాడు.

కేకు తరువాత మా వంతు వచ్చింది. జనం చూశారు. చూసి ఏమన్నారో స్వరూప చదువుతుంటే విన్నాను. ఒకరు బొమ్మ సగంలో ఆపేశారా అని అడిగారు. ఒకరు ఇది దయ్యమా, పిల్లలు జడుసుకుంటున్నారని రాశారు. ఒకరు మాత్రం చాలా మర్యాదగా, ఆర్టిస్టుకు కళ్ళు వేయడం రాదా అన్నారు.

తప్పు ఎక్కడుందో ఆమెకు వెంటనే తెలిసింది. తెలిస్తే మాత్రం ఏం లాభం?

"మామా, ఒక్కదానికి కళ్ళు తెరుండ్రి. ఫొటో తీస్త. చాలు."

"ఎవలి మీద తెరవాలె? ఫోను మీదనా? ఫోను కొంటదా దాన్ని?"

"కొనేటోళ్ళు ఎక్కడున్నరో మనకెట్ల తెలుస్తది మామా!"

"తెలువనప్పుడు తెరవద్దు."

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు గట్టిగా మోగాయి. కోడలు మామతో అనలేని మాటలన్నీ ఆ ఇంట్లో గిన్నెలే అంటాయి. పండుగ దగ్గర పడుతోంది. ఎన్నిసార్లు ఫోను తెరిచినా కొత్త కబురు ఉండేది కాదు. తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. ఒకనాడు నా ఎదుట కూర్చుని, ఎవరూ లేరనుకుని, "కొనుండ్రమ్మా, ఎవలన్న కొనుండ్రి" అని ఏడ్చింది. ఎవరితో అంటోందో ఆమెకే తెలియదు. నాకు చేతులున్నాయి గానీ బోనం పట్టుకున్నవే కదా. దించి ఆమెను దగ్గరికి తీసుకోలేకపోయాను.

మర్నాడు ఆమె ఆ కోపంలోనే వెబ్‌సైటులో నా ఫొటో కింద ఉన్నదున్నట్టు రాసింది: మా ఇంట్లో బొమ్మకు కళ్ళు కొనేవారి ఎదుటే తెరుస్తాం, చూపు ఎవరి మీద పడితే వాళ్లదే బొమ్మ, మీరు దూరాన ఉంటే వీడియో కాల్‌లో ఎదురుగా కూర్చోండి. రాసి మామకు చదివి వినిపించింది.

"వాళ్ళ మొకం కనవడ్తదా?"

"కనవడ్తది మామా."

"కొబ్బరికాయ కొడ్తరా?"

"కొట్టుమంట."

"అట్లయితే కానియ్యి" అన్నాడు.

ఆ రాత చూసే విశాఖపట్నం నుంచి సుభాషిణి గారు ఫోను చేశారు. "భలేగా ఉందమ్మా మీ ఆచారం! మా అత్తగారికి చదివి వినిపిస్తే ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ బోనం బొమ్మ మాకే. ఎప్పుడు కూర్చోమంటారో చెప్పండి." స్వరూప ఏం జవాబిచ్చిందో ఆమెకే గుర్తుండదు. ఫోను పెట్టేసి నా అంచు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. సంపత్‌కు చెబితే, "అయితే మంచిదే, షాపోళ్ళకు రాదని చెప్త" అన్నాడు. అతని గొంతులో కూడా సంతోషముంది. దాచుకోబోయాడు గానీ నాకు వినిపించింది.

సద్దుల బతుకమ్మ నాటి పొద్దున ముహూర్తం. వాడకట్టులో ఆడవాళ్ళు తంగేడు పూలు పేరుస్తూ మాట్లాడుకుంటున్నారు. అరుగు మీద సిగ్నలు బాగుంటుందని నన్ను అక్కడే నిలబెట్టారు. ఎదురుగా బియ్యం పోసిన చెంబుకు ఆనించి ఫోను పెట్టారు. అటువైపు సుభాషిణి గారు, వాళ్ళ అత్తగారు, కొబ్బరికాయ. కాయ కొట్టిన చప్పుడు ఫోనులోంచి పేలవంగా వినిపించింది.

"అమ్మా, జర దగ్గరికి జరుగుండ్రి. మిమ్ములను చూడాలె గద మా పిల్ల" అన్నాడు వీరేశం.

"ఇదిగోనండీ బాబాయ్ గారూ, వచ్చేశాం."

ఉడుత వెంట్రుకల కుంచె నలుపులో మునిగింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. నా ఎడమకన్ను మీద చల్లగా ఒక గీత, దాని కింద ఒక గీత, నడుమ ఒక చుక్క. లోకం తెరుచుకుంది. నేను మొట్టమొదట చూసింది అరచేతిలో పట్టేంత అద్దం. అందులో ఇద్దరు ఆడవాళ్ళు నోళ్ళు తెరిచి ఉన్నారు. ఎంతకీ మూయలేదు. వాళ్ళ మీద ఒక చిన్న సున్నా గిర్రున తిరుగుతోంది. తిరిగి తిరిగి, అద్దం నల్లబడిపోయింది.

"మేడం? మేడం, వినవడ్తందా?" స్వరూప ఫోను తీసుకుని అరుగు దిగింది, వీధిలోకి పోయింది, చెయ్యి పైకెత్తి అటూ ఇటూ తిరిగింది. మళ్ళీ మళ్ళీ నొక్కింది. అటునుంచి జవాబు లేదు. పూలు పేర్చేవాళ్ళు చేతులాపి చూస్తున్నారు.

వీరేశం కుంచె గాలిలోనే ఉంది. దించకూడదు. నలుపు ఆరిపోతోంది. మళ్ళీ ముంచాడు. చెయ్యి వణుకుతోంది, మోచెయ్యి వణుకుతోంది, చివరికి మనిషంతా వణుకుతున్నాడు. కుంచెను నా కుడికన్ను దగ్గరికి తెచ్చి, గీయలేక వెనక్కి తీసుకున్నాడు. ఇంకోసారి తెచ్చాడు. వల్ల కాలేదు.

"బిడ్డా! ఇటు రా. జల్ది రా."

ఆమె పరుగెత్తుకొచ్చింది.

"నా చెయ్యి ఆగుతలేదు. కుంచె పట్టు."

"నేను పట్టద్దు గద మామా!"

"పట్టద్దనేటోళ్ళు ఇక్కడ ఎవలున్నరు? నేనే గద! ఒంటికన్ను మీద ఉంచుతమా దీన్ని? పట్టు."

"మరి దీని ఎదురుంగ ఎవలు?"

ఆయన కుంచె ఆమె వేళ్ళలో పెట్టి తన వేళ్ళు తీసేసుకున్నాడు. ఆమె నా మీదికి వంగింది. కుడికన్ను తెరుచుకుంది. ఆ కంటితో నేను మొదట చూసింది స్వరూపను. చెంప మీద సుద్ద మరక, పంటి కింద పెదవి, కన్నీళ్ళు నా మీద పడతాయేమోనని పక్కకు తిప్పుకోబోతున్న మొహం. ఇన్నాళ్ళూ నన్ను పెంచిన చెయ్యి ఈ మనిషిదన్నమాట. నాకు ఆమె మీద ప్రేమ పుట్టింది. గుడ్డ ముక్కకు ప్రేమేమిటని నవ్వితే నవ్వండి.

అప్పుడు మోగింది ఫోను.

"సారీ అమ్మా, కరెంటు పోయి నెట్ ఆగిపోయిందండీ! అయిపోయిందా? చూపించండి, చూపించండి!"

స్వరూప ఫోనును నా వైపు తిప్పింది. అటువైపు ఇద్దరూ ఒక్కసారిగా కేకేశారు. "అమ్మో, ప్రాణం వచ్చేసింది! మమ్మల్నే చూస్తోంది చూడండత్తయ్యా!"

అవునండీ అని ఒక్క మాటంటే సరిపోయేది. నేను వైజాగు పోయేదాన్ని, ఆమె అరుగు మీద ఉండేది. వీరేశం గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అబద్ధమాడమనీ అనలేదు, వద్దనీ అనలేదు. వంచిన ఆ వీపు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. స్వరూప నన్ను చూసింది, ఫోనును చూసింది. అబద్ధమాడమని నేను లోలోపల అరుస్తున్నాను. నోరు గీసినవాళ్ళు దానికి గొంతు ఇవ్వలేదు.

"మేడం, ఒక ముచ్చట చెప్పాలె" అంది. అంతా చెప్పింది.

అటువైపు గుసగుసలు. తరువాత సుభాషిణి గారి గొంతు బాధగానే పలికింది. "నాకైతే ఫర్వాలేదమ్మా. అత్తయ్యగారు ఒప్పుకోవట్లేదు. చూపు ఎవరి మీద పడితే వాళ్లదే అని మీరే రాశారు కదా. అది మీది, మీ ఇంట్లోనే ఉండాలంటున్నారు. ఇంకోటి చేసిపెట్టండి, ఎన్నాళ్ళైనా ఆగుతాం."

"ఇసుంటిది ఇంకోటి లేదు మేడం. మా మామకు చేతనయితలేదు" అని ఫోను పెట్టేసింది. నోటికాడికొచ్చిన కూడు నేలపాలైంది. మేము నమ్మిన మాటే మమ్మల్ని ముంచింది. ఆ సాయంత్రం వాడకట్టంతా బతుకమ్మ ఆడింది. స్వరూప ఆడలేదు. అరుగు మీద నా పక్కనే మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది.

పండుగ దాటాక ఆమె షాపుకు పోవడం మొదలుపెట్టింది. నన్ను నడిమింట్లో గోడకు తగిలించారు. మామ గీసిన కన్ను సన్నగా, కోడలు గీసిన కన్ను కాస్త పెద్దగా ఉంటాయి. ఆ పెద్ద కంటితోనే ఆమె పొద్దున బస్సుకు పరుగెత్తడం చూస్తాను, పొద్దుగూకాక కాళ్ళు పిసుక్కుంటూ రావడం చూస్తాను. ఆ షాపులో మా బొమ్మలే అచ్చు వేసిన చీరలు అమ్ముతారట. వాటన్నిటికీ ముందే కళ్ళుంటాయట, మిషను తెరిచిందట. అవి బాగా పోతున్నాయని ఆమె సంపత్‌కు చెబుతుంటే వీరేశం అన్నం ముందు నుంచి లేచిపోయాడు. వెబ్‌సైటు ఇంకా ఉంది, పేరు బాడుగ గడువు దగ్గర పడుతోంది. నా ఫొటో కింద ఆమె రాతను మార్చింది: ఈ బొమ్మ అమ్మకానికి లేదు.

మొన్న ఆదివారం షాపుకు సెలవు. స్వరూప చాలాసేపు పడుకునే ఉంది. ఆ తరువాత లేచి, చింతగింజలు ఉడకేసి, అంబలి కాచింది. ఒక ఖద్దరు గుడ్డను మంచం పట్టెకు బిగించి కట్టింది. సుద్ద కలిపి పూయసాగింది. సంపత్ వాకిట్లోంచి చూసి, వ్యాను తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. వీరేశం కర్ర ఊతంతో వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"అంబలి పల్చగైంది" అన్నాడు.

"మల్ల కాగవెడ్త మామా."

"గీత ఎవలు గీస్తరు?"

"నేనే."

ఆయన తన ఉడుత వెంట్రుకల కుంచెను పెట్టెలోంచి తీసి, అంగీ కొసతో తుడిచి, ఆమెకు అందేలా పెట్టాడు. కళ్ళు ఎవరు తెరుస్తారని మాత్రం అడగలేదు.