మెడ వెనకాల మిగిలిన పాట

శనివారం పొద్దున వెర్డెల్ వంటింట్లో కాఫీ వాసన కన్నా ముందు కాలిన జుట్టు వాసన వస్తుంది. గ్యాస్ పొయ్యి మీద ఇనప దువ్వెన వేడెక్కుతుంటే, నల్లవాళ్ళ పేటలోని పన్నెండో వీధి ఆడవాళ్ళు గోడవారన కుర్చీల్లో కూర్చుని తమ వంతు కోసం కాచుకుంటారు. వంతు ఆలస్యమైతే ఎవరికీ కోపం రాదు. అవతలివాళ్ళ కబుర్లు అంతసేపు వినొచ్చు.

"చెవి మడిచి పట్టుకో. కదిలావంటే కాలేది నీ చెవి, నాది కాదు," అంటుంది వెర్డెల్ ప్రతి ఒక్కరితోనూ.

ఇదంతా అందం కోసమేనని డెట్రాయిట్ మగవాళ్ళు పైకి అంటారు. ఆడవాళ్ళు వాళ్ళని అలాగే అననిస్తారు. అసలు సంగతి ఏమిటంటే, ఆ వీధి ఆడవాళ్ళ జుట్టు పాడుతుంది. తన ఇష్టానికి ఉంగరాలు చుట్టుకుని ఉన్నంతసేపూ, మనిషి మింగేసిన మాటలన్నిటికీ రాగం కట్టి పాడేస్తుంది. వేడి దువ్వెనతో సాపు చేస్తే నోరు మూసుకుంటుంది. చెమట పట్టినా, చినుకు పడినా మళ్ళీ ముడుచుకుని, ముందు మెడ వెనక నుంచి ఎత్తుకుంటుంది. అందుకే ప్రతి చేతిసంచిలోనూ ఒక ప్లాస్టిక్ వాన టోపీ మడతపెట్టి ఉంటుంది. పోయినేడు జూలైలో చర్చి పైకప్పు కారి, సంఘపెద్ద డీకన్ గారి భార్య సిస్టర్ మాబ్లీ తల తడిసింది. ప్రార్థన మధ్యలో ఆవిడ జుట్టు, పాటల బృందం మాస్టారి భుజాల గురించి చరణం తరవాత చరణం పాడింది. డీకన్ గారు ఆరోజు మామూలుకన్నా ఎక్కువసేపు కళ్ళు మూసుకుని ప్రార్థించాడు. అప్పటినుంచీ ఆవిడ ఒకదానిమీద ఒకటి రెండు టోపీలు పెట్టుకుంటుంది, మంచి ఎండలో కూడా.

వెర్డెల్ చెల్లెలి కూతురు ఓజెల్లా. పదిహేడేళ్ళది. తల్లి పోయాక పెద్దమ్మ దగ్గరే పెరిగింది. తల్లి ఫ్యాక్టరీ క్యాంటీన్లో గిన్నెలు తోముతూ గొంతెత్తి పాడేది. కూతురు గొంతెత్తడానికి ముందు గది నాలుగు మూలలూ చూసుకునే రకం. వెర్డెల్ వేళ్ళు కీళ్ళవాతంతో బిగుసుకుపోతున్నాయి. ఇంక ఎన్నాళ్ళు దువ్వెన పట్టగలదో తెలియదు. అందుకని చెరువు ఒడ్డున పెద్ద ఇంట్లో ఉండే ఒక తెల్లావిడతో మాట్లాడి పెట్టింది. రాత్రింబగళ్ళు ఆ ఇంట్లోనే ఉండి పని చెయ్యాలి. నోరెత్తని పిల్ల కావాలట. సోమవారం నుంచే రమ్మంది.

"ఇవాళ గేన్స్ గారి దగ్గర పాట రికార్డింగ్ ఉంది కదా పెద్దమ్మా!"

"ఉంటే ఉంది. ఆయన నిన్ను ముందు నిలబెట్టి పాడిస్తే సోమవారం మాట మళ్ళీ ఎత్తను. వెనక నిలబడి 'ఊ, ఊ' అనడానికైతే, ఆ పనేదో ఆ తెల్లావిడ ఇంట్లోనే చెయ్యొచ్చు. అక్కడ తిండి కూడా పెడతారు."

ఓజెల్లా నవ్వింది గానీ, చెవిని ఇంకాస్త గట్టిగా మడిచి పట్టుకుంది.

సరిగ్గా ఆ రోజే వీధి చివరి ముసలాయన అంత్యక్రియలు. ఆయన బంధువులైన ఆడవాళ్ళంతా ఒక్కసారిగా వంటింట్లోకి ఊడిపడ్డారు. శవపేటిక దగ్గర తమ జుట్టు ఏం పాడుతుందోనని అందరికీ హడలే. ఆయన అంత మంచివాడేమీ కాదు మరి.

"ముందువైపు అయిపోయింది, లే," అంది వెర్డెల్.

"వెనకో?"

"మెడ వెనక ఎవరు చూస్తారే? టోపీ పెట్టుకుని పో. చెమట పట్టనివ్వకు."

గేన్స్ గారి స్టూడియో అంటే ఒకప్పటి కారు షెడ్డు. గోడలకి చప్పుడు ఆపడానికి కోడిగుడ్ల అట్టలు, ఒక మైకు, చొక్కాలు విప్పేసిన నలుగురు వాయిద్యగాళ్ళు. ఫ్యాన్ చప్పుడు టేపు మీద పడుతుందని అదీ కట్టేశారు. లోపల ఇడ్డెన్లు ఉడికించొచ్చు, ఆ ఊళ్ళో ఇడ్డెన్లు ఉంటే.

"క్లాడీన్ ముందు. ఓజెల్లా, నువ్వు వెనక," అన్నాడు గేన్స్. "నీ గొంతు బాగుందమ్మా, కాదనను. కానీ రికార్డు అట్ట మీద ఫోటో ఉంటుంది. వెలుతురు పట్టే ముఖం కావాలి."

వెలుతురు ఆ షెడ్డులో అందరి ముఖాల మీదా ఒకేలా పడుతోంది. గేన్స్ గారిది ఓజెల్లా కన్నా ఒక ఛాయ ఎక్కువ నలుపే. మగవాడి ముఖానికి వెలుతురు అవసరం లేదు, చేతిలో చుట్ట ఉంటే చాలు.

క్లాడీన్ గోధుమరంగు పిల్ల, దువ్వెన అక్కర్లేని సాపు జుట్టు. పాడమంటే ప్రాణం పోతుంది. వాళ్ళమ్మ పోరు పడలేక వచ్చింది. మొదటిసారి శృతి తప్పింది. రెండోసారి ఇంకా తప్పింది. మూడోసారి, ఓజెల్లా 'ఊ' అనబోతుండగా, మెడ వెనక నుంచి ఒక చెమట చుక్క జారింది.

"వద్దు," అంది ఓజెల్లా లోలోపల. జుట్టు వినలేదు.

ముందు సన్నగా, బల్లి పలికినట్టు. తరవాత మందంగా, తేనె పోసినట్టు. గిన్నెలు తోమే నీళ్ళ దగ్గర తల్లి పాడిన రాగం. మాటలు మాత్రం ఓజెల్లావే. నన్ను వెనక నిలబెట్టకు, నా వీపు వెనక సూర్యుడున్నాడు అని.

"ఎవరది? ఆపండి!" గేన్స్ అరిచాడు. "ఏమ్మా, తల సాపు చేయించుకుని రావాలని తెలీదా? మా ఆవిడకే తెలుసు ఆ మాత్రం! ఎవరైనా ఆ మెడకి గుడ్డ కట్టండి!"

ఓజెల్లా తల దించుకుంది. సంచిలోని వాన టోపీ కోసం చెయ్యి పెట్టింది. పెద్ద ఇల్లు, చెరువు ఒడ్డు, సోమవారం కళ్ళముందు తిరిగాయి.

క్లాడీన్ గాజు జగ్గు తీసుకుని నీళ్ళన్నీ ఓజెల్లా నెత్తిన కుమ్మరించింది.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు గేన్స్.

"లేదండీ. పోవే తల్లీ, ముందుకి పో, నీకు పుణ్యముంటుంది," అని ఓజెల్లాని మైకు దగ్గరికి తోసి, తను వెనక గోడకి ఆనుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంది.

వెర్డెల్ పొద్దుటి కష్టమంతా ముడుచుకుపోయింది. తల మొత్తం ఒక్కసారిగా ఎత్తుకుంది. బాస్ వాయించేవాడు ఎవరి అనుమతీ అడగలేదు, అందుకున్నాడు. డ్రమ్ముల వాడూ అంతే. ఓజెల్లా ఈసారి గది మూలలు చూసుకోలేదు. నోరు తెరిచింది. ఆమె గొంతు లేవగానే జుట్టు మర్యాదగా వెనక్కి తగ్గి, "ఊ, ఊ" అంటూ వంత పాడింది.

పాట అయ్యాక టేపు తిప్పే మనిషి తల ఊపాడు. మొత్తం ఎక్కింది.

గేన్స్ చుట్ట ఆరిపోయి చాలాసేపైంది. "మరి అట్ట మీద ఎవరి ఫోటో వెయ్యాలి?" అన్నాడు నీరసంగా.

"నాది," అంది ఓజెల్లా నీళ్ళు తుడుచుకుంటూ. "తడి తలతోనే."

సోమవారం పొద్దున తెల్లావిడ ఇంటికి వెళ్ళే బస్సు పన్నెండో వీధి స్టాపులో ఆగి, ఎవరూ ఎక్కక, వెళ్ళిపోయింది.

ఆకులు రాలే కాలానికి ఆ పాట వెర్డెల్ వంటింటి రేడియోలోకి వచ్చింది. వెర్డెల్ అప్పుడు సిస్టర్ మాబ్లీ తల దువ్వుతోంది. బయట వాన మొదలైంది.

"వెనకాల ఊ అంటున్నదెవరు? బాగుంది," అంది సిస్టర్ మాబ్లీ.

"దాని జుట్టే. నేను వదిలేసిన ముక్క," అంది వెర్డెల్. ఆమె కూడా పడుచుతనంలో ఒక క్లబ్బులో పాడేదని, పెళ్ళైన మర్నాడు మొగుడే దువ్వెన కొనిచ్చాడని ఆ వీధిలో పెద్దవాళ్ళకి గుర్తుంది. మొగుడు పోయి చాలాకాలమైంది. దువ్వెన మాత్రం ఉంది.

పాట అయిపోయింది. వెర్డెల్ పొయ్యి కట్టేసింది.

"నా మెడ సంగతేమిటి?" సిస్టర్ మాబ్లీ ఆదుర్దాగా అడిగింది.

"ఆరేసిన బట్టలు తీసుకురావాలి."

"టోపీ మర్చిపోయావు, వెర్డెల్!"

వెర్డెల్ వినిపించుకోలేదు. పెరట్లో తీగ మీద బట్టలేమీ లేవు. వానలో చేతులు కట్టుకుని, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడింది. చాలాసేపు ఏమీ వినపడలేదు. సిస్టర్ మాబ్లీ సగం దువ్విన తలమీద రెండు టోపీలూ పెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చి, ఒక టోపీ తీసేసింది, ఆలోచించి రెండోదీ తీసేసింది.

అప్పుడు వెర్డెల్ మెడ వెనక, నెరిసిన పాయ ఒకటి మెల్లిగా ముడుచుకుని, గొంతు సవరించుకుంది.