నాలుగూ తెల్లగా పడితే

“వదినా, ఛాయ్ అయిందా? ఇంకిద్దరొచ్చిండ్రు.”

ముందుగదిలోంచి మరిది యాదయ్య కేక విని, కౌసల్య పొయ్యి మీది గిన్నెలో ఇంకో రెండు గ్లాసుల నీళ్లు పోసింది. హైదరాబాదులో ఇంజినీరింగు చదివే యాదయ్య ఎండాకాలం సెలవులకు కల్వకుర్తి వచ్చినప్పటి నుంచి ఆ గదిలో ఒకటే ఆట. హాస్టల్లో ఎవరిదో లావుపాటి పుస్తకాన్ని జిరాక్సు తీయించుకొచ్చాడు. ఆటలో ఒక్కొక్కరూ ఒక్కో మనిషైపోతారు. ఒకడు దొంగ, ఒకడు వీరుడు. కథ నడిపేవాడు “ఇప్పుడేం చేస్తవు?” అంటాడు. చేసేదేదో చెప్పి పాచిక వేయాలి. దానికి ఇరవై ముఖాల పాచిక కావాలట. అది దొరక్క చీటీలు తీస్తున్నారు. కత్తి తగిలిందో లేదో తేల్చడానికి అరగంట కూడికలు, తీసివేతలు. పొద్దున దూరిన గుహలోంచి పొద్దుగూకినా బయటపడరు. మధ్యలో అన్నాలు, ఛాయ్‌లు, మంచినీళ్లు.

ఇంత లెక్క ఎందుకు దీనికి, అనుకుంది కౌసల్య. నల్గొండలో బీఎస్సీ చదివిన రోజుల్లో సంభావ్యత ఆమెకు ఇష్టమైన పాఠం. ఆ సంగతి ఈ ఇంట్లో ఒక్క భోజనాల దగ్గరే గుర్తుకొస్తుంది. “డిగ్రీల లెక్కలు చదివింది గని కూరల ఉప్పు లెక్క తెల్వది,” అంటాడు భర్త గుర్వయ్య. చెడ్డవాడు కాదు. మండలాఫీసులో గుమాస్తా. ఆ మాట ఆయనకు సరదా. ఆరేళ్లుగా అదే సరదా.

బీఎడ్ పరీక్ష రాస్తానంటే కూడా నవ్వుతూనే ఒప్పుకున్నాడు. “రాయి, రాస్తె ఏం పోతది.” సీటు వస్తుందని ఆయన అనుకోలేదు. మూడు వారాల కిందట ఉత్తరం వచ్చింది. ఈ శుక్రవారంలోగా మహబూబ్‌నగర్ వెళ్లి సర్టిఫికెట్లు చూపించాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆయన ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, రేడియో కింద పెట్టాడు. మొదటిసారి అడిగితే “చూద్దాం” అన్నాడు. రెండోసారి “అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఇల్లెవరు చూస్తరు?” అన్నాడు. మూడోసారి పేపరు తిప్పాడు.

ఆ మూడు వారాల్లోనే ఆమె తన ఆట తయారుచేసుకుంది. చింతగింజల్ని ఒకవైపు తెల్లబడేదాకా గచ్చుకు రుద్దింది. అన్నం ఉడికేలోపు ఒక్కో గింజను నూరుసార్లు వేసి, క్యాలెండరు వెనక గీతలు గీసింది. ఒకటి అరవై రెండుసార్లు తెల్లగా పడింది. వీపు గుండ్రంగా ఉన్న అలాంటివన్నీ పారేసి, చదునుగా ఉన్నవి ఏరింది. యాభైకి అటూ ఇటూగా పడేవి నాలుగు దొరికేసరికి వారం పట్టింది. నాలుగూ కలిపి వేస్తే పదహారు రకాలుగా పడతాయి. మూడు గాని నాలుగు గాని తెల్లగా పడితే అనుకున్నది జరుగుతుంది. అది పదహారింట అయిదు. రెండు పడితే జరుగుతుంది గాని ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. అది ఆరు. ఒకటి పడినా, అసలు పడకపోయినా జరగదు. అదీ అయిదు. మధ్యాహ్నం గిన్నెలు తోమాక నల్లా నీళ్లు వచ్చేలోపు ఉండే గంటలో ఒక కథ మొదలై అయిపోవాలి. ఆడవాళ్లకు దొరికే తీరిక అంతే.

మొదటి రోజు ఆటకు పక్కింటి అజీజా బేగం జాకెట్టు కుట్టు ఆపి వచ్చింది. పాలు తెచ్చే సత్తమ్మ గడప దగ్గర కూర్చుంది. అత్త లక్ష్మీనర్సమ్మ చేటలో బియ్యం ఏరుతూ చూస్తోంది.

“అచ్చంపేట దాటి అడవిల ఉన్నరు,” అంది కౌసల్య. “దారి రెండుగ చీలింది. ఒకదిక్కు పొగ లేస్తాంది. సత్తమ్మా, నీ మేక గటే పోయింది. ఏం జేస్తవు?”

“ఇంటికి పోయి మా ఆయన్నడుగుత,” అంది సత్తమ్మ.

“నేను గూడ,” అంది అజీజా. “అడగకుంట ఎట్ల పోత?”

“అడవిల మీ సాబ్ ఏడున్నడు?”

“అయితె సాబ్ వచ్చేదాక ఈడనే కూసుంట. జర చద్దరుంటె ఇయ్యి.”

అందరూ నవ్వారు. కానీ మూడు రోజులు అదే వరస. బావి కనిపించినా అడుగుతామన్నారు, బస్సొచ్చినా అడుగుతామన్నారు. గింజలు ఒక్కసారీ నేల మీద పడలేదు. తప్పు ఆటలో ఉందనుకుని కౌసల్య లెక్కంతా మళ్లీ చూసుకుంది. లెక్కలో తప్పు లేదు.

నాలుగో రోజు కొత్త నియమం పెట్టింది. “అడుగుండ్రి. గని అడిగినందుకు గూడ గింజలెయ్యాలె. మీరే చెప్పుండ్రి, పదహారుపార్లు అడిగితె ఎన్నిపార్లు వాళ్లు సరే అంటరు?”

సత్తమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. “ఒకపారి. గది గూడ వాళ్ల అక్కింట్ల పెండ్లుంటె.”

“మా సాబ్ మంచోడు,” అంది అజీజా. మళ్లీ తనే, “ఒకటే రాస్కో,” అంది.

పదహారింట ఒకటి అంటే నాలుగూ తెల్లగా పడాలి. అడగకుండా వెళ్తే, ఏదైనా పోగొట్టుకున్నా సరే, పదహారింట పదకొండు. కౌసల్య అది చెప్పగానే ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అజీజా “పొగ దిక్కే పోత,” అని గింజలు విసిరింది. రెండు తెలుపులు. మేక దొరికింది, చెప్పు తెగింది. “తెగితె తెగింది పో,” అంది అజీజా. ఆ మధ్యాహ్నం నల్లా వచ్చేసరికి వాళ్లు అడవి దాటి ఏటి ఒడ్డున ఉన్నారు. ఎవరూ ఎవరినీ అడగలేదు.

గురువారం మధ్యాహ్నం ఆట అయిపోయి వాళ్లు వెళ్లిపోయాక, లక్ష్మీనర్సమ్మ చేట పక్కన పెట్టింది.

“అడిగేటిదాంట్ల ఒక సుఖముంది బిడ్డా. పని కాకుంటె తప్పు మనది గాదు.”

కౌసల్య ఊ కొట్టింది.

“వాణ్ణి మూడుపార్లడిగినవు. మూడుపార్లూ నీ మొకం జూసిన. బాధ సగమే ఉండె.”

కౌసల్య చేతిలోని బిందె అలాగే ఉండిపోయింది. నల్లా వచ్చింది, పక్కిళ్ల గిన్నెలు మోగుతున్నాయి. మిగిలిన సగం ఏమిటో ఆమెకు తెలుసు. ఆరేళ్లుగా పుస్తకం పట్టలేదు. నలభై మంది పిల్లల ముందు నిలబడితే గొంతు పెగులుతుందో లేదో. తనకంటే చిన్నవాళ్ల మధ్య బెంచీ మీద కూర్చుని తప్పు జవాబు చెబితే? ఆయన పేపరు తిప్పినప్పుడు గుండెలో మంటతో పాటు ఒక చల్లదనం కూడా పాకింది. ఇంక తను ఓడిపోనక్కర్లేదు. ఆయనే వద్దన్నాడు. జీవితాంతం చెప్పుకోవడానికి ఒక మాట దొరికింది. ఆ మాట కోసమే, ఒప్పుకోడని తెలిసిన మనిషి దగ్గరికి మూడుసార్లు పోయిందా? సిగ్గేసింది. తన మీద జాలి కూడా వేసింది, భయపడటం తప్పేమీ కాదు కదా అని.

రాత్రి గుర్వయ్యకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది. మామూలుగా నిలబడే ఉంటుంది.

“రేపు పొద్దున బస్సుకు మహబూబ్‌నగర్ పోతున్న. అన్నం వండి పోత. కూర మీరు చూస్కోండ్రి, అత్తమ్మకు కారం తక్కువెయ్యాలె.”

గుర్వయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది.

“నన్నడుగుతున్నవా, చెప్తున్నవా?”

మాటలో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన కౌసల్య జవాబు కోసం ఎదురుచూడటం అదే మొదటిసారి.

“చెప్తున్న,” అంది.