ముందు కోత, వెనక కోత

వాకరు కాళ్ళకు రబ్బరు బుష్షులు తొడుగుతూనే ఆయమ్మ తలుపు వైపు చూస్తోంది. టైలరూ, కండక్టరూ ఈ పూట చెకప్‌కు రావాలి. మూడు నెలల కిందట ఇద్దరికీ ఒకే వారంలో తుంటి కీలు మార్చారు. కండక్టరుకు పెద్ద డాక్టరు తొడ ముందు నుంచి కోశాడు. టైలరుకు డాక్టరమ్మ వెనక పిరుదు వైపు నుంచి కోసింది.

ఏ కోత మేలో సాయంత్రంలోగా తేల్చుకోవాలి. రేపు ఆపరేషన్ బల్ల ఎక్కేది ఆయమ్మే. ఆసుపత్రిలో రోగులకు నడక నేర్పే ఈ హాలు ఏళ్ళ తరబడి ఊడ్చీ ఊడ్చీ ఆమె కుడి తుంటి అరిగిపోయింది. నీకు రెండూ పనికొస్తాయి, ఎవరిచేత చేయించుకుంటావో చెప్పమన్నారు డాక్టర్లిద్దరూ. వంగి ఊడవలేని రోజున ఈ ఉద్యోగం ఉండదు. ఆమెకు వేరే దిక్కూ లేదు.

మొదట్లో కండక్టరుదే పైచేయి. ఆపరేషనైన మర్నాడే వాకరు పట్టుకుని, "రైట్ రైట్" అంటూ హాలంతా చుట్టేశాడు. టైలరేమో కాళ్ళ మధ్య దిండుతో, వంగకు, కాలు మీద కాలు వేయకు అన్న ఆంక్షలతో మొహం మాడ్చుకుని పడుకునేవాడు. అప్పుడే ఆయమ్మ మనసు ముందు కోత వైపు మొగ్గింది.

ఇద్దరూ వచ్చారు. కర్ర లేకుండా నడిచారు. ఆయమ్మ పని ఆపి కళ్ళప్పగించి చూసింది. వెంట్రుకంత తేడా లేదు. ఇదెక్కడి గొడవ అనుకుంటూ, ఎవరు వంగగలరో చూద్దామని చేతిలో మిగిలిన బుష్షును కండక్టరు కాళ్ళ దగ్గర జారవిడిచింది.

కండక్టరు దాన్ని చూసి, వెంట వచ్చిన భార్యను చూశాడు. ఆవిడ వంగి తీసిచ్చింది. ఆయన్ని వంగొద్దని ఎవరూ అనలేదట. కీలు ఊడిపోతుందేమోనని ఆయనకే భయమట. ఇంట్లో చెంచా పడ్డా ఆవిడే తీయాలట.

బుష్షు మళ్ళీ జారింది. ఈసారి టైలరు ముందు. అతను బల్ల పట్టుకుని, కోసిన కాలు తిన్నగా వెనక్కి చాపి, కొంగలా ఒంటికాలి మీద ఒరిగి, తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నిన్ను వంగొద్దన్నారు కదన్నా?"

"ఇలా అయితే వంగొచ్చని డాక్టరమ్మే దగ్గరుండి నేర్పింది. కత్తెర పడ్డప్పుడల్లా పెళ్ళాన్ని పిలిస్తే, అదే కత్తెరతో నన్ను కత్తిరించదూ?"

వాళ్ళు వెళ్ళాక ఆయమ్మ తలుపు దగ్గరగా వేసింది. బల్ల పట్టుకుని, నొప్పికాలు వెనక్కి చాపి, చీపురు ముందుకు చాచింది. చెత్త కదిలింది. ఇంకోసారి చేసి చూసింది. నవ్వొచ్చింది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి ముందా, వెనకా అని అడిగింది.

"కోత మీ ఇష్టమమ్మా. ఆ కొంగ వంగుడు మాత్రం నాకూ నేర్పాలి."

మర్నాడు, తను రోజూ తోసే చక్రాల కుర్చీలో ఆయమ్మ కూర్చుంది. తోయడానికి వచ్చిన నర్సుతో, "చూసి తొయ్యమ్మా, ఇది గోడ మీదికి లాగుతుంది" అంది. కుర్చీ లిఫ్టులోకి వెళ్ళింది.

హాలు తలుపు వెనక ఆమె చీపురు ఆనించి ఉంది. కుడి తుంటి మీద బరువు మోపలేక ఎడమకు ఒరిగి ఊడ్చీ ఊడ్చీ, దాని పుల్లలు ఆ ఒక్క పక్కే సగానికి అరిగి ఉన్నాయి.