జ్వరమని రాసిన సెలవు చీటీ

బుధవారం సాయంత్రం మా అమ్మాయి షైని తన సంజాయిషీ కాగితం నా ముందు పెట్టి, ఇంగ్లీషు తప్పులుంటే దిద్దమంది. మర్నాడు పదకొండు గంటలకు విజయవాడలో మెడికల్ కౌన్సిల్ వాళ్ళ ముందు హాజరు కావాలి. వాళ్ళు రిజిస్ట్రేషన్ ఇస్తేనే ఈ రాష్ట్రంలో శిక్షణలో చేరడానికి వీలవుతుంది. మా ఇంట్లో దాన్ని లైసెన్సు అంటున్నాం. పిల్లల వైద్యంలో శిక్షణకు ఒక ఆసుపత్రి వాళ్ళు చోటు ఇస్తామన్నారు. శనివారంలోగా లైసెన్సు చూపించకపోతే అది ఇంకొకరికి పోతుంది. ఇప్పటికే ఒక సీటు పోయింది.

కాగితం ఒకే పేజీ. నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ సెలవు చీటీ తనకు తెలియకుండా కుటుంబ సభ్యులొకరు రాశారని ఉంది. భాషలో దోషమేమీ లేదు. ఎర్ర పెన్నుకు మూత పెట్టి కాగితం తిరిగి ఇచ్చేశాను.

ఆ కుటుంబ సభ్యుణ్ణి నేనే.

షైని పొరుగు రాష్ట్రంలో ఎండీ రెండో ఏడు చదువుతుండగా, ఆగస్టులో వాళ్ళమ్మ రావమ్మకు జబ్బు బాగా ఎక్కువైంది. షైని ఉన్నపళంగా బయలుదేరి వచ్చింది. తల్లి మంచం పక్కనుంచి లేవడం కుదరక, తన ఫోను నా చేతికిచ్చి, కాలేజీకి సెలవు రాసి పంపమంది. తిరువూరు హైస్కూల్లో ఇరవై తొమ్మిదేళ్ళుగా సెలవు చీటీలు అందుకుంటున్నవాణ్ణి. అక్క పెళ్ళయినా, మిరపకోతలైనా, ఇంట్లో ఎవరైనా పోయినా పిల్లలు రాసేది ఒకటే: జ్వరం వచ్చినందున బడికి రాలేకపోయాను. మేము సంతకం పెడతాం. దాన్ని అబద్ధమని మా బళ్ళో ఎవరూ అనుకోరు. షైని పేరు మీద నేనూ అదే రాశాను. రెండుసార్లు సెలవు పొడిగించినప్పుడు కూడా జ్వరమే.

కాలేజీ వాళ్ళు ఆధారాలు అడిగారు. నేనేం రాశానో తెలియని షైని, తల్లి కేసు కాగితాలు పంపింది. రెంటికీ పొంతన లేదు. తప్పుడు కారణం చూపి డ్యూటీకి రాలేదని సీటు రద్దు చేస్తూ ఉత్తరం పంపారు. ఆ ఉత్తరం వచ్చిన మూడో రోజున రావమ్మ పోయింది.

నాలుగు నెలలైంది. ఆ రద్దు గురించే ఇప్పుడు ఇక్కడి కౌన్సిల్ వాళ్ళు సంజాయిషీ అడిగారు. షైని నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ ఆ ఊసు ఎత్తలేదు.

గురువారం పొద్దున ఏడింటి బస్సు ఎక్కాం. కండక్టరు నౌషాద్ ఒకప్పుడు నా దగ్గరే చదివాడు. ఇవాళ స్కూలు లేదా మాస్టారూ అని అడిగాడు. లీవు పెట్టానన్నాను.

"ఏమని పెట్టారు సార్, జ్వరమనేనా?" అని తనే నవ్వాడు. "టెన్త్‌లో నాకొచ్చినన్ని జ్వరాలకి ఇంకొకడైతే మంచం పట్టేవాడు. ఒక్కసారైనా మీరు ఒళ్ళు పట్టుకుని చూశారా?"

ముందు సీట్లలో వాళ్ళు కూడా నవ్వారు. షైని కిటికీ అద్దం మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. మైలవరం దాటేదాకా అదే పని. మాట్లాడదామని రెండుసార్లు ఆమె వైపు తిరిగాను. రెండుసార్లూ టైమెంతైందని అడిగి ఊరుకున్నాను.

కౌన్సిల్ ఆఫీసులో పన్నెండున్నరకు పిలిచారు. తనొక్కతే లోపలికి వెళ్ళాలన్నారు. నేను వరండాలో నిలబడ్డాను. తలుపు సగమే పడింది. లోపల ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో ఉన్నావిడ కాగితం చదివి, ఆ చీటీ రాసిందెవరని అడిగింది. మా ఇంట్లోవాళ్ళేనండి, అంది షైని. పేరు లేకపోతే ఇది సంజాయిషీ కింద రాదనీ, ఎవరో రాశారని అందరూ అంటారనీ ఆవిడ అంది. షైని మళ్ళీ అదే మాట అంది, అంతే. అయితే వచ్చే నెల సమావేశంలో చూద్దామని ఆవిడ ఫైలు మూయబోయింది.

ప్యూను చెయ్యి అడ్డం పెట్టినా ఆగకుండా లోపలికి వెళ్ళాను.

"నేను రాశానండి. వాళ్ళ నాన్నని."

ఏం చేస్తుంటారని అడిగితే టీచర్నని చెప్పాను.

"టీచరై ఉండి, తల్లికి బాగాలేదని ఉన్నమాట రాయడానికి ఏమైందండి?"

"మా పిల్లలందరూ జ్వరమనే రాస్తారండి," అన్నాను. ఆవిడ నా వైపే చూస్తోంది. ఆ జవాబు సగమేనని నాకూ తెలుసు. "నా భార్య జబ్బు పేరు నా చేత్తో రాయలేకపోయాను."

ఆవిడ ఒక తెల్లకాగితం జరిపి, ఇప్పుడు రాయండి, అంది.

నిలబడే రాశాను. నా కుమార్తె పేరుతో మూడు చీటీలు నేనే రాశాను, వాటిలో ఏముందో ఆమెకు తెలియదు. అప్పుడు నా భార్య రావమ్మకు లివర్ క్యాన్సర్. ఆ మాట దగ్గర పెన్ను ఆగింది. పూర్తి చేశాను. ఆమె సెప్టెంబరు పద్దెనిమిదిన మరణించింది. కింద సంతకం, తేదీ.

ముగ్గురూ వంతులవారీగా చదివారు. తండ్రి కాగితం ఫైలుకు జతపరిచి, ఏడాదికి తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇవ్వమని రాశారు. ఆరు నెలలకోసారి ఆసుపత్రి నుంచి నివేదిక పంపాలి. పత్రం మూడున్నరకు చేతికొచ్చింది.

వరండాలో షైని దాన్ని రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టుకుంది. తర్వాత, నన్ను చూడకుండానే అంది.

"నాలుగు నెల్ల నుంచీ నువ్వే చెబుతావని చూస్తున్నా నాన్నా. నేను చెబితే నీ మీద చాడీ చెప్పినట్టుంటుంది."

"తప్పు నాదే," అన్నాను.

"అది నాకు తెలుసు." గొంతు పెరిగింది. "అమ్మ పోయిందన్న బాధలో ఉన్నావని ఊరుకున్నా. నాక్కూడా పోయింది కదా?"

ఆమె ఏడ్చినంతసేపూ పక్కనే నిలబడ్డాను. తర్వాత ఆమె ముఖం తుడుచుకుని ఆసుపత్రికి ఫోను చేసింది. లైసెన్సు వచ్చిందనీ, రేపు తొమ్మిదింటికి వస్తాననీ చెప్పింది. అవతలివాళ్ళు, అంతకుముందు సీటు ఎందుకు పోయిందని అడిగినట్టున్నారు.

"మా అమ్మకి క్యాన్సర్ మేడమ్," అంది షైని. "మా నాన్న జ్వరమని రాశారు. రేపు అన్ని కాగితాలూ తెస్తాను."