పనిలో ఉన్నట్టు

పంపుల కంపెనీలో డ్రాయింగులు సరిచూసే ఆవిడను అందరూ డ్రాయింగులమ్మ అనేవారు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి ఆ పని కాస్తా లాగేసుకున్నాక పేరొక్కటే మిగిలింది. కుర్చీ ఉంది, కంప్యూటరు ఉంది, చెయ్యడానికి మాత్రం ఇసుమంత పని లేదు. ఆ సంగతి నోరు జారితే ఉద్యోగానికే ఎసరొస్తుందని భయపడి ఆవిడ నాటకం మొదలుపెట్టింది. పాత డ్రాయింగు ఒకటి తెర మీద పెట్టుకుని, కనుబొమలు ముడివేసి, అదే గీత మీద పొద్దస్తమానం మౌస్ తిప్పేది. కాఫీకి వెళ్ళినా చంకలో ఫైలు, పరుగులాంటి నడక. ఇంతకంటే దిక్కుమాలిన చాకిరీ లోకంలో ఇంకోటి ఉండదు.

"కాలు మీద కాలేసుకుని జీతం తీసుకుంటున్నావు, పెట్టిపుట్టావు తల్లీ!" అనేది తోడికోడలు. ఆ మాటకు ఒళ్ళు మండిపోయేది. సాయంత్రానికి తల దిమ్మెక్కి ఇంట్లో అందరి మీదా కస్సుమనేది. ఏ పనీ చెయ్యకుండా ఇంత అలసటేమిటని ఎవరినడుగుతుంది?

ఈలోగా కొత్త పంపు డ్రాయింగు వచ్చింది. సాఫ్ట్‌వేర్‌కు కొరుకుడుపడలేదు, మనిషే కూర్చుని చూడాలి. మేనేజరు దాన్ని పక్క సీటతనికి ఇచ్చాడు.

"మీకే ఇద్దామనుకున్నానమ్మా. చూస్తే ఊపిరి సలపని పనిలో ఉన్నారు!" అన్నాడు, పైగా జాలిపడుతూ. తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది ఆవిడకు.

మర్నాడు హాల్లో ఉద్యోగుల ఆరోగ్యం మీద ఉపన్యాసం. బయటినుంచి వచ్చిన ట్రైనరు సూటు సర్దుకుని, "బోరవుట్ అనే మాట విన్నారా?" అన్నాడు. "పని ఎక్కువై మనిషి కాలిపోతే బర్నవుట్. పని లేక నీరుగారిపోతే బోరవుట్. మొదటి మాట వరసలోనే ఇద్దరు వ్యాపార సలహాదారులు రెండోది పుట్టించారు. ఇది పట్టుకున్నవాళ్ళు పనిలో ఉన్నట్టు నటిస్తారట!"

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా మేనేజరు నవ్వాడు.

ఆవిడ లేచింది.

"నవ్వండి సార్, బాగా నవ్వండి! పేరు పెట్టడానికి ఇద్దరు దొరికారు, పని ఇవ్వడానికి ఒక్కరు లేకపోయారా? నెలల తరబడి నాకు పని లేదు. మీరు చూసిందంతా నాటకం. ఒక్కసారన్నా నా తెర మీద ఏముందో చూశారా మీరు?"

నవ్వులు టక్కున ఆగాయి. మేనేజరు ముఖం కందగడ్డయింది. "పనే లేదంటే ఇక ఆ సీటెందుకమ్మా? రేపే తీయించేస్తాను."

ఇన్నాళ్ళూ ఏ మాటకు భయపడిందో ఆ మాట వచ్చేసింది. భయం మాత్రం రాలేదు.

"తీయించుకోండి. నిలబడి చేస్తాను."

ఆవిడ హాల్లోంచి నేరుగా పక్క సీటు దగ్గరికి నడిచి, కొత్త పంపు డ్రాయింగు తీసి కిటికీ గట్టు మీద పరిచింది. మొదటి గీత నుంచి చూడటం మొదలుపెట్టింది. వెనకే వచ్చిన మేనేజరు అరుస్తున్నాడు.

"అరవకండి సార్," అంది తలెత్తకుండా. "పనిలో ఉన్నాను."