ముప్పై ఏడు డిగ్రీల కుర్చీ

జొన్న బీరు కాచే ముందు థెంజివె ఎప్పుడూ ఒకే క్రమం పాటించేది. వంటపాకలో పెద్ద గంగాళం కడిగి, నీళ్లు పోసి, హీటరు కడ్డీ బిగించి, వేడిని అదుపుచేసే కంట్రోలర్ పెట్టెను పైనున్న మేకుకు తగిలించేది. చివరగా పెట్టె నుంచి వేలాడే సెన్సర్‌ను పరీక్షించేది. ఎలక్ట్రీషియన్ అయిన భర్త దాన్ని తన చంకలో పెట్టుకుని, ముప్పై ఏడు చూపిస్తేనే పని మొదలుపెట్టనిచ్చేవాడు. ఆయన పోయాక ఆమె దాన్ని ఆయన కుర్చీలో పెడుతోంది. ఆ కుర్చీ ఆయన ఒంటి వెచ్చదనాన్ని ఇంకా వదల్లేదు. చలికాలంలో ఉమ్లాజీలో వాళ్ల వీధి ముసలమ్మలు వచ్చి, దాని మీద అరచేతులు కాచుకుని, కబుర్లు చెప్పి వెళ్లేవారు.

ఇంకో నాలుగు రోజుల్లో, శనివారంనాడు, ఆయన ఆత్మను ఇంటికి పిలుచుకునే క్రతువు. మొదటి కుండ బీరు ఇంట్లో పితరులకు కేటాయించిన మూలన పెట్టనిదే ఆయన ఇల్లు చేరడని అత్తగారి నమ్మకం. జనం ఎక్కువ వస్తారని సిబొనెలో అనే మరిది పెద్ద కడ్డీ కొనితెచ్చి, తానే బిగించాడు. పిండి కలపడం కూతురు హ్లెంగివె వంతు. నీళ్లు నలభై డిగ్రీలకు రాగానే, పెట్టె కిందే మోకరిల్లి, మోచేతులదాకా ముంచి కలపాలి.

థెంజివె సెన్సర్‌ను కుర్చీలో పెట్టింది. అంకె పదహారు దగ్గర నిలిచింది.

ఆమె కుర్చీని తడిమి, చెయ్యి వెనక్కి లాక్కుంది. రాయిలా చల్లగా ఉంది. గడపలో ఉన్న అత్తగారు పితరుల మూల వైపు తిరిగింది.

"సెన్సర్ ముసలిదయింది వదినా," అంటూ సిబొనెలో దాన్ని చంకలో పెట్టుకున్నాడు. ముప్పై ఏడు. "నేనైతే బతికే ఉన్నాను," అన్నాడు. థెంజివె గంగాళంలోకి తొంగిచూసింది.

"నువ్వేం మార్చావు?"

"కడ్డీ ఒక్కటే. పాతది రెండు కిలోవాట్లు, ఇది మూడు. తొందరగా కాగుతుంది."

"పెట్టె పది ఆంపియర్లకే కదా. ఇది పదమూడు లాగుతుంది."

"మూడు ఆంపియర్లు ఎక్కువైతే కొంపలంటుకుంటాయా? ఇంటి మెయిన్ స్విచ్చి పడిపోదుగా."

"ఇంటి తీగలు మోస్తాయి. పెట్టె మోయదు. హ్లెంగివె, నువ్వు ఇవతలికి రా."

ఉత్త నీళ్లతోనే స్విచ్చి వేశారు. అంకె నలభైకి రాగానే, వేడి ఆపినట్టుగా పెట్టె మీది దీపం ఆరిపోయింది. గంగాళంలో చప్పుడు మాత్రం ఆగలేదు. యాభై దాటింది, అరవై దాటింది. పెట్టెలో కరెంటును తెంచవలసిన రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. దాని అడుగు కరిగి, పిల్ల మోకరిల్లవలసిన చోట బొట్లుబొట్లుగా రాలింది. థెంజివె గోడ దగ్గరి స్విచ్చి కట్టేసింది. హ్లెంగివె తన చేతులను ముందూ వెనకా తిప్పి చూసుకుంది.

మర్నాడు సిబొనెలో కొత్త పెట్టెతోపాటు ఎక్కువ కరెంటును తట్టుకునే కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చిని కూడా తెచ్చాడు. ఇకమీదట కడ్డీ బరువు కాంటాక్టర్ మోస్తుంది, పెట్టె దానికి ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది. ఈసారి వదిన చూసి సరేననేదాకా అతడు స్విచ్చి మీద చెయ్యి వేయలేదు.

కుర్చీ మాత్రం మళ్లీ వెచ్చబడలేదు. థెంజివె దాన్ని ఒకసారి తడిమి చూసింది. తరువాత సెన్సర్‌ను కూతురి చేతికిచ్చి, చంకలో పెట్టుకోమంది.

అంకె మెల్లగా ఎక్కి, ముప్పై ఏడు దగ్గర ఆగింది.

"ఇక మొదలుపెట్టు తల్లీ," అంది థెంజివె.